సోమాలీ బాకును గుర్తుపట్టాలంటే ముందు పిడి చూడండి, అలుగు తర్వాత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ నాన్నగారు 1993-94లో ఐక్యరాజ్యసమితి దళంలో మన సైన్యం తరఫున సోమాలియా వెళ్ళి, బైదోవా ఊరి నుంచి ఒక బాకు తెచ్చారు. అలుగు (కోసే లోహపు భాగం) 11 అంగుళాలు, నల్లటి కొమ్ము పిడి, తోలు ఒర. ఇంటికొచ్చిన ఒకాయన అది జంబియా, అంటే యెమెన్‌వాళ్ళ బాకు అన్నాడు. ఇంకొకాయన 200 ఏళ్ళ నాటిదని, పిడి ఖడ్గమృగం కొమ్మని చెప్పి కొంటానన్నాడు. వీటిలో ఏది నిజం, తుప్పుని నిమ్మకాయతో తోమొచ్చా, ఇంట్లో ఉంచుకుంటే ఇబ్బందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అది జంబియా కాదు, సోమాలీ బాకే. వాళ్ళ భాషలో బిల్లావే అంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే బిలావ్, బెలావా అని కూడా కనిపిస్తుంది, అన్నీ ఒకటే. వయసు 200 ఏళ్ళు కాదు, మీరు పెట్టిన ఫోటోల్లోనే దానికి రుజువు ఉంది. పిడి ఖడ్గమృగం కొమ్ము కాదు. నిమ్మకాయ, చింతపండు దాని దరిదాపులకు రానివ్వకండి. ఇంట్లో ఉంచుకునే విషయం మాత్రం ఒకసారి కలెక్టరేట్‌లో కనుక్కోవాలి, ఎందుకో చివర్లో చెప్తాను.

నా గురించి ఒక ముక్క. నేను 26 ఏళ్ళు మర్చంట్ షిప్పుల్లో ఇంజనీరుగా పనిచేసి ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. జిబౌటీ, బెర్బెరా, ఏడెన్ రేవులకి లెక్కలేనన్ని సార్లు వెళ్ళాను. నా దగ్గర ఈ ప్రాంతపు బాకులు 19 ఉన్నాయి. అందులో కనీసం మూడు నేను మోసపోయి కొన్నవి. చదువుకున్న చరిత్రకారుణ్ణి కాదు. లోహాలు, కీళ్ళు, అరుగుదల మాత్రం అలవాటైన పని కాబట్టి ఆ కంటితోనే చెప్తున్నాను.

పిడితోనే ఎందుకు మొదలుపెట్టాలి

కొత్తవాళ్ళందరూ ముందు అలుగు చూస్తారు. నేనూ అదే చేశాను. కానీ ఆకులా వెడల్పయ్యే రెండంచుల అలుగు తూర్పు ఆఫ్రికాలో చాలామందికి ఉంది. కెన్యా మసాయివాళ్ళ సెమె అనే కత్తి కూడా పిడి దగ్గర సన్నగా ఉండి మొన వైపు వెడల్పవుతుంది. అలుగు అరిగిపోతే మారుస్తారు, విరిగితే పొట్టి చేస్తారు. పిడి ఆకారం అలా కాదు. అది ఆ మనుషుల అలవాటు, ఒక పట్టాన మారదు.

సోమాలీ పిడి ఇలా ఉంటుంది. చెయ్యి పట్టే చోట నడుము బాగా సన్నం, మన చేతులకి ఇరుకనిపిస్తుంది. కింద అలుగు దగ్గర కొమ్ము వెడల్పుగా విచ్చుకుంటుంది. పైన కొనలో రెండు చెవులు లేచినట్టు నెలవంకలా చెక్కి ఉంటుంది. ఆ రెండు చెవుల మధ్య ఒక లోహపు మొగ్గ. ఈ మొగ్గే అసలు గుర్తు. అలుగు కింది భాగం సన్నటి కడ్డీలా (మేం తోక అంటాం) పిడిలోంచి పూర్తిగా పైకి వస్తుంది. ఆ కొనని పట్టి ఉంచే బిరడా లాంటిదే ఆ మొగ్గ. అందంగా కనిపిస్తుంది కానీ చేసేది నట్టు పనే. మీ మొదటి ఫోటోలో రెండు చెవులూ ఉన్నాయి, ఒకదాని కొన విరిగింది. మొగ్గ ఉంది. నాకు అంతే చాలు.

జంబియా ఎందుకు కాదంటే, జంబియా అలుగు వంపు తిరిగి ఉంటుంది. హైదరాబాద్ వాళ్ళకి ఇది కొత్త కాదు. బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన కుటుంబాల పెళ్ళిళ్ళలో మర్ఫా డప్పులు మోగుతుంటే జంబియాలు తిప్పడం చూసే ఉంటారు. ఆ ఒర చివర కూడా వంపు తిరిగి ఉంటుంది. మీది నిటారు అలుగు. మీ ఇంటికి వచ్చినాయన అరబ్బు, ఎడారి, బాకు అన్న మూడు మాటలు కలిపి జంబియా అనేసి ఉంటాడు. యెమెన్ రేవు ఏడెన్‌కీ సోమాలీ రేవు బెర్బెరాకీ మధ్య ఉన్నది ఒక్క ఏడెన్ సింధుశాఖే కాబట్టి ఆ పొరపాటు మరీ విడ్డూరమేమీ కాదు.

ఇంకో రెండు గందరగోళాలు. సూడాన్ బెజా తెగవాళ్ళ బాకుకి నల్లచేవ కర్ర పిడి గుణకారం గుర్తులా ఉంటుంది, అది చూడగానే తెలిసిపోతుంది. అఫార్ తెగవాళ్ళ గిలె మాత్రం మోసం చేస్తుంది. అది పెద్ద బాకు, వంపు ఉంటుంది, మగవాళ్ళు పొట్టకి అడ్డంగా కట్టుకుంటారు. జిబౌటీలో అఫార్లూ, ఇస్సా తెగ సోమాలీలూ పక్కపక్కనే బతుకుతారు కాబట్టి మార్కెట్లో రెండూ ఒకే గుడ్డ మీద పరిచి అమ్ముతారు.

1997లో ఆ మార్కెట్లోనే 4,000 ఫ్రాంకులు పోసి నా మొదటి "సోమాలీ బాకు" కొన్నాను. ఓడకి తెచ్చి గొప్పగా చూపిస్తే, మా ఇంజిన్ రూమ్‌లో పనిచేసే సోమాలీ ఆయిలర్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "సార్, ఇది మా పక్కింటాయనది" అన్నాడు. అలుగు అఫార్‌ది. దానికి సోమాలీ ఒర ఒకటి తొడిగారు. అలుగు ఒరలో సగంలో ఆగిపోతుంటే నేను తుప్పు వల్ల అనుకున్నాను! అప్పటినుంచి బాకు కొనేముందు ఒరలో పూర్తిగా పెట్టి తీసి చూడటం నాకు అలవాటైంది. మీది కూడా చూడండి. జత సరైనదైతే చివర కాస్త బిగుతుగా పట్టి, మెత్తగా దిగుతుంది.

వయసు ఎలా చెప్పాలి

ఇక్కడే డబ్బులు పోయేది. "200 ఏళ్ళు" అన్నమాట అమ్మేవాళ్ళ నోట్లో ఊతపదం.

మీ రెండో ఫోటో పెద్దది చేసి చూడండి. పిడి నడుము కింద కొమ్ముకీ కొమ్ముకీ మధ్య తెల్లటి లోహపు బిళ్ళలు మూడు ఉన్నాయి. వాటి అంచు సందుల్లో సున్నంలా తెల్లటి పొడి కనిపిస్తోంది. అది దుమ్ము కాదు, అల్యూమినియం తుప్పు. పాత బాకుల్లో అక్కడ తగరం కలిసిన మెత్తటి లోహమో, వెండో, ఇత్తడో ఉంటుంది. తగరం లోహం కాలంతోపాటు మసకబారి బూడిదరంగుకి దిగుతుంది, దెబ్బలు తగిలిన చోట సొట్టలు పడతాయి, తెల్లపొడి రాలదు. అల్యూమినియం చవకైంది 1886లో కరెంటుతో దాన్ని వేరుచేసే పద్ధతి వచ్చాకే. అది ఆఫ్రికాలో ఒక పల్లె కమ్మరి చేతికి తుక్కుగా దొరకడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి మీ బాకు 20వ శతాబ్దానిది. తర్వాత ఎవరో రిపేరు చేసినప్పుడు బిళ్ళలు మార్చి ఉండొచ్చు కదా అనొచ్చు. కానీ బిళ్ళలూ కొమ్ము ముక్కలూ ఒకేలా అరిగి, వేలు పెడితే పెద్ద మెట్టు తగలకుండా ఉంటే అన్నీ కలిసి పుట్టినవే. మీ ఫోటోలో అలాగే ఉంది. నా అంచనా 1940-80 మధ్య అని. అంతకంటే దగ్గరగా చెప్పేవాళ్ళని నమ్మకండి.

నేను చూసే మిగతా గుర్తులు ఇవి.

కొమ్ము కుంచించుకుపోవడం. కొమ్ము ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, లోహం ముడుచుకోదు. అందుకే పాతదానిలో లోహపు అంచు కొమ్ము కంటే వెంట్రుక మందం పైకి తేలి గోటికి తగులుతుంది. ఆ అంచు పదునుగా ఉంటే ఎవరూ వాడకుండా ఎండినది. గుండ్రబడి ఉంటే చేతుల్లో నలిగినది. ఈ తేడాని ఎవరూ నకలు చెయ్యలేరని అనను గానీ, అంత ఓపిక ఉన్న నకిలీవాడు ఇంత చవక వస్తువు జోలికి రాడు.

పురుగు తొలిచిన గుంటలు. నిజమైన కొమ్ముని పురుగులు తింటాయి, ప్లాస్టిక్‌ని తినవు. చెవుల వెనకవైపు చిన్న చిన్న గుంటలుంటే నాకు సంతోషం, వాటిని పూడ్చి నలుపు రాస్తే బాధ.

అలుగు ఉక్కు. 20వ శతాబ్దంలో చాలా అలుగులు బండ్ల కమాన్ పట్టీలు కొట్టి చేసినవే. మన కమ్మరులు కొడవళ్ళకి వాడేదీ అదే కదా. దీన్ని తక్కువగా చూడొద్దు, అది మంచి ఉక్కు. అలుగు మధ్య గట్టు నిటారుగా వచ్చిందా, రెండు వైపులా ఆకురాయి గీతలు చేత్తో పెట్టినట్టు కొంచెం అటూ ఇటూ ఉన్నాయా చూడండి. గ్రైండర్ గీతలైతే అన్నీ ఒకే వాలులో, వంపు తిరిగి ఉంటాయి. ఒకసారి నాకు దొరికినదానిలో అలుగు మీద గాడి పిడి దగ్గరకొచ్చి ఉన్నట్టుండి ఆగిపోయింది. తీరా చూస్తే అది కోసిన పాత తుపాకీ బాయొనెట్.

నాణేలు. ఒరకో బెల్టుకో పెద్ద వెండి నాణెం అతికించి, దాని మీద 1780 అని ఉంటే ఎగిరి గంతెయ్యకండి. అది ఆస్ట్రియా రాణి మరియా థెరిసా నాణెం. ఆవిడ 1780లో పోయాక కూడా అదే సంవత్సరం వేసి ఆ నాణేన్ని ముద్రిస్తూనే ఉన్నారు. ఎర్రసముద్రం రేవులన్నిటా అది చెల్లుబాటయ్యేది. అలాగే మన రూపాయి కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉత్తరాన ఉన్న బ్రిటిష్ సోమాలీలాండ్‌లో 1941 దాకా చెలామణి అయింది భారత రూపాయే. 1898 వరకు ఆ పాలన కూడా ఇండియా ప్రభుత్వం కిందే నడిచింది.

అలుగు మీద తయారుచేసినవాళ్ళ పేరు ఉండదు. సోమాలీల్లో ఇనుపపని చేసేవాళ్ళని తుమాల్ అంటారు. పశువుల కాపరి తెగలు వాళ్ళ చేత ఈటెలు, బాకులు చేయించుకునేవి కానీ వాళ్ళకి పిల్లనిచ్చేవి కావు. తోలు పని మదిబాన్ అనే ఇంకో వర్గానిది, వాళ్ళదీ అదే పరిస్థితి. ఒక బాకులో అలుగు ఒకరి చేతిది, ఒర ఇంకొకరి చేతిది. మగవాడి పరువుకి గుర్తుగా నడుముకి కట్టుకునే వస్తువుని చేసినవాళ్ళకి ఆ సమాజంలో పరువు లేదు. ఇది వినగానే మనవాళ్ళకి వేరే వివరించక్కర్లేదనుకుంటాను.

ఖడ్గమృగం కొమ్ము మాట

ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షన్. ఒకటి, అది నిజమే అయితే అమ్మడం నేరం. ఖడ్గమృగం కొమ్ము వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం 1970ల నుంచీ ఉంది, మన వన్యప్రాణి చట్టం 1972 నాటిది. కొంటానన్నాయన ఆ మాట తెలిసి అన్నాడా, ఊరికే అన్నాడా అన్నది వేరే సంగతి. రెండు, చాలావరకు నిజం కాదు. బాకుల విషయంలో ఆ కొమ్ముకి గిరాకీ అంతా యెమెన్‌లో జంబియా పిడుల కోసం. 1970ల్లో గల్ఫ్ డబ్బు వచ్చి పడ్డాక ఆ గిరాకీ ఎంత పెరిగిందంటే, 1982లో ఉత్తర యెమెన్ దిగుమతిని నిషేధించాల్సి వచ్చింది. అంత ధర పలికేదాన్ని పల్లెలో వాడే బాకుకి ఎవరు పెడతారు?

తేడా మీరే చూసుకోవచ్చు. చీకట్లో పిడి చెవి వెనక మొబైల్ టార్చి పెట్టండి. పశువుల కొమ్ము పొరలు పొరలుగా, తేనెరంగు చారలతో వెలుగుతుంది. ఖడ్గమృగం కొమ్ము వెంట్రుకలు అంటుకుపోయినట్టు ఉంటుంది, అడ్డంగా కోసిన చోట సన్నటి చుక్కలు కనిపిస్తాయి. మీ మూడో ఫోటోలో విరిగిన చెవి కొన దగ్గర పొరలు రేకులుగా లేచాయి. అది ఆవుదో ఎద్దుదో దున్నదో కొమ్ము. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమని ఎవరైనా చెప్తే వినకండి, ఆ మచ్చ ఎప్పటికీ పోదు.

బైదోవా అన్నమాట విలువ

మీరు ఒక్క వాక్యంలో చెప్పేసి వదిలేసిన ఈ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. సోమాలియాలో 1993-94లో మన బ్రిగేడ్ ఉన్నది బైదోవా ప్రాంతంలోనే. 1992 కరువులో ఎక్కువమంది చనిపోయిన ఊళ్ళలో అదొకటి. అక్కడ ఆకలికి మనుషులు ఇంట్లో ఉన్నవన్నీ అమ్ముకున్నారు. విదేశీ సైనికులు వేలల్లో దిగాక, వాళ్ళకి అమ్మడానికే కొత్తవి చేసినవాళ్ళూ ఉండే ఉంటారు. మీది ఏ రకం?

ఒర వెనకవైపు చూస్తే తెలియొచ్చు. నడుముకి రుద్దుకునే వైపు తోలు చెమటకి నల్లబడి, నున్నగా, గాజులా మెరుస్తుంది. ముందు వైపు ఎండకి పాలిపోయి గరుగ్గా ఉంటుంది. అమ్మకానికి చేసినదానికి రెండు వైపులూ ఒకటే రంగు. మీరు ఒర ముందు వైపే ఫోటో తీశారు. కానీ అలుగు ఒకవైపు అంచు రెండోవైపు కంటే లోపలికి అరిగి ఉంది, మాటిమాటికీ ఒకే వైపు సానపట్టినట్టు. మేకని కోసి, తోలు వలిచి, తాడు తెంపిన బాకు అలా అరుగుతుంది. యుద్ధానికి వాళ్ళ మొదటి ఆయుధం ఈటె. 1855లో బెర్బెరా దగ్గర రిచర్డ్ బర్టన్ అనే బ్రిటిష్ యాత్రికుడి గుడారం మీద దాడి జరిగినప్పుడు ఆయన చెంపల్లోంచి దూసుకుపోయింది కూడా ఈటే. బాకు రోజువారీ పనిముట్టు. అందుకే మీది సైనికుల కోసం చేసినది కాదని, ఎవరో ఏళ్ళ తరబడి వాడినదని నా నమ్మకం.

నాన్నగారు ఉంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి: ఎవరి దగ్గర తీసుకున్నారు, కొన్నారా, ఎవరైనా ఇచ్చారా, ఏ నెల. లేకపోతే ఆయన యూనిట్ స్నేహితుల్ని అడగండి. ఆ మాటలు తేదీతో సహా ఒక కార్డు మీద రాసి బాకుతోపాటు పెట్టండి. అక్కడ యూనిఫాంలో తీసుకున్న ఫోటో ఒక్కటున్నా జత చెయ్యండి. నా 19 బాకుల్లో ఏ ఒక్కదానికీ ఇలాంటి చరిత్ర లేదు. ఫలానా రేవులో ఫలానా రోజు కొన్నానన్నదే నా దగ్గరున్నది.

తుప్పు, తోలు

నిమ్మరసం తుప్పుతోపాటు ఉక్కు మీద ఏళ్ళకేళ్ళుగా ఏర్పడిన ముదురు రంగునీ తినేస్తుంది. ఆ రంగు పోతే మళ్ళీ రాదు, అలుగు కొత్త స్టీలు గరిటెలా తయారవుతుంది. నల్లటి, గట్టి మచ్చల్ని వదిలెయ్యండి. వేలికి అంటే ఎర్రటి పొడి తుప్పు మాత్రమే ప్రమాదం. దాని మీద కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున వెదురు పుల్లతో మెల్లగా గీకి గుడ్డతో తుడవండి. రెండు మూడు సార్లు చేస్తే చాలు.

బాకుని ఒరలో పెట్టి దాచకండి. తోలు తేమని పీల్చి అలుగుకి అంటిస్తుంది. విశాఖ గాలికి ఒక్క వానాకాలంలోనే నా బాకు ఒకటి చారలు చారలుగా తుప్పు పట్టింది. అలుగు విడిగా, ఒర విడిగా నూలు గుడ్డలో చుట్టి, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టండి. తోలుకి కొబ్బరినూనె, బూటు పాలిష్ ఏమీ రాయొద్దు. విరిగిన చెవిని అతికించొద్దు.

చట్టం

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఇంటి పనికీ వ్యవసాయానికీ కాని కత్తి, బాకు అలుగు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధాల జాబితాలోకి వస్తుంది. మీది 11. కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రాంతాల్లో అలాంటివి ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. మీ జిల్లా సంగతి కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి. మాటలతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా అడగండి. విదేశాల నుంచి కొత్తగా తెప్పించుకోవాలనుకునేవాళ్ళు డబ్బు కట్టకముందే కస్టమ్స్‌ని అడగాలి. నాది ఒకటి అలాగే ఎనిమిది నెలలు గోడౌన్‌లో ఉండిపోయింది, చివరికి చేతికి రానేలేదు.

అమ్మే ఆలోచన గురించి మీరు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను. కొంటానన్నాయన మళ్ళీ వస్తే అల్యూమినియం బిళ్ళలు చూపించి, ఈ 200 ఏళ్ళ లెక్క ఎలా వచ్చిందో అడిగి చూడండి.

వీలైతే ఇంకో మూడు ఫోటోలు పెట్టండి: ఒర వెనకవైపు, మొగ్గని పైనుంచి, చీకట్లో టార్చి పెట్టి తీసిన విరగని చెవి. మొగ్గ పైన సుత్తి దెబ్బల గుర్తులు కనిపిస్తే తోక కొనని అక్కడే చదును చేశారన్నమాట. అది తెలిస్తే పిడి ఎప్పుడైనా విప్పి మళ్ళీ బిగించారో లేదో కూడా చెప్పగలను.